యాడిదాకా పాకింది సార్?

పెట్ స్కాన్‌కు పేరు రాయించుకున్నవాళ్లకు ముందురోజే కబురు వస్తుంది. రేపు పొద్దున ఏమీ తినకూడదు, కాఫీ, టీ కూడా వద్దు, మంచినీళ్లు మాత్రం ఎన్నైనా తాగొచ్చు. ఆదోనిలోనో ఎమ్మిగనూరులోనో ఉండే మనిషికి ఇది వినడానికి తేలిక, చేయడానికి కష్టం. తెల్లారకముందే బస్టాండుకు చేరాలి. అప్పటికే బండి మీద ఉగ్గాని కలుపుతూ ఉంటారు, పక్కన బాణలిలో మిరపకాయ బజ్జీలు తేలుతుంటాయి. తోడొచ్చినవాళ్లు తిని బస్సెక్కుతారు, పేషెంటు నీళ్ల సీసాతో ఎక్కుతాడు. ఆ పూట ఒంట్లో చక్కెర, ఇన్సులిన్ రెండూ తక్కువగా ఉంటేనే ఈ పరీక్ష సరిగ్గా వస్తుంది. ఎందుకంటే మరికొన్ని గంటల్లో అతని నరంలోకి ఎక్కించబోయేది కూడా ఒక రకం చక్కెరే.

ఎముకలో క్యాన్సర్ అని డాక్టరు నోట విన్న ఇంట్లో ఆ వెంటనే పుట్టే ప్రశ్న ఒకటే. "యాడిదాకా పాకింది సార్?" వైద్యం దారి మొత్తం ఆ జవాబు మీదే ఆధారపడుతుంది. కాలు నిలబెట్టొచ్చా, మందు ఎన్ని నెలలు ఎక్కించాలి, జబ్బును పూర్తిగా పోగొట్టే ప్రయత్నమా, నొప్పి తగ్గించే వైద్యమా అన్నీ దాని తర్వాతే తేలతాయి. కణాలు చేసే పనిని చూపించే మెటబాలిక్ స్కాన్లు ఇక్కడ పనికొచ్చేది ఈ ప్రశ్నకే. కాకపోతే యంత్రం ఇచ్చేది సగం జవాబు. ఆ బొమ్మ ఎప్పుడు తీశారు, ఒంట్లో ఎంతమేర తీశారు, దాన్ని ఎవరు ఏ పరీక్షతో కలిపి చదివారు అన్నదాంట్లో మిగతా సగం ఉంటుంది. పశ్చిమ కర్నూలు పల్లెల నుంచి చూస్తే ఆ రెండో సగమే బరువైనది.

ఎక్స్‌రే, సీటీ, ఎంఆర్‌ఐ ప్రధానంగా ఆకారాన్ని చూపిస్తాయి. ఎముక ఎక్కడ తరిగింది, గడ్డ ఎంత పెరిగింది, నరాన్ని ఒత్తుతోందా అన్నది వాటిలో కనిపిస్తుంది. పెట్ స్కాన్ చూసేది పనిని. ఏ కణాలు ఎంత ఆబగా చక్కెర లాక్కుంటున్నాయో అది పట్టిస్తుంది. క్యాన్సర్ కణాలు మామూలు కణాల కంటే ఎక్కువ గ్లూకోజు మింగుతాయని జర్మనీ శాస్త్రవేత్త ఆటో వార్‌బర్గ్ 1920లలోనే గమనించాడు. ఆ గుణాన్ని బొమ్మగా మార్చడానికి యాభై ఏళ్లు పట్టింది. గ్లూకోజు అణువులో చిన్న మార్పు చేసి, దానికి రేడియోధార్మిక ఫ్లోరిన్‌ను తగిలించి తయారుచేసిన ఎఫ్‌డీజీ అనే మందును 1976లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో తొలిసారి మనిషికి ఎక్కించారు.

ఎఫ్‌డీజీ చేసే పని చెల్లని నోటు పనిలాంటిది. పత్తి యార్డు గేటు దగ్గర ఎవరూ ఆపరు, లోపలికి పోయాక ఏ కొట్టులోనూ చెల్లదు. కణం దాన్ని గ్లూకోజే అనుకుని లోపలికి తీసుకుంటుంది, ఒక ఫాస్ఫేట్ తగిలిస్తుంది, ఆపైన ఏం చేయాలో తెలియక ఊరుకుంటుంది. కరిగించలేదు, బయటికీ పంపలేదు. గంటసేపట్లో చక్కెర ఎక్కువగా లాగే చోటల్లా ఆ మందు పేరుకుంటుంది. అందులోని ఫ్లోరిన్ నుంచి వెలువడే పాజిట్రాన్ పక్కనున్న ఎలక్ట్రాన్‌ను తాకి మాయమైనప్పుడు రెండు గామా కిరణాలు ఎదురెదురు దిక్కుల్లో దూసుకుపోతాయి. యంత్రంలోని వలయం ఆ జంటను ఒకేసారి పట్టుకుని, అవి ఏ గీత మీద పుట్టాయో లెక్కగడుతుంది. అలాంటి లక్షల గీతల నుంచి బొమ్మ తేలుతుంది.

ఇక్కడ తెలుగువాళ్లు ఒక పేరు తలుచుకోవాలి. కణం లోపల ఎఫ్‌డీజీకి తగులుకునే ఆ ఫాస్ఫేట్‌ను ఇచ్చేది ఏటీపీ. కణాలన్నిటికీ శక్తినిచ్చే ఆ పదార్థాన్ని 1929లో గుర్తించినవారిలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన చేసిన పని అది. అంతకు నాలుగేళ్ల ముందు, 1925లో, ఒంట్లో ఫాస్ఫరస్ ఎంతుందో రంగును బట్టి కొలిచే పద్ధతిని ఇద్దరూ కలిసి ఇచ్చారు. ఫిస్కే–సుబ్బారావు పద్ధతి పేరుతో ప్రపంచమంతా ల్యాబులు దాన్ని దశాబ్దాలపాటు వాడుకున్నాయి. ఎముక క్యాన్సర్ కథలో సుబ్బారావు ఇంకోసారి, ఇంతకంటే పెద్ద పాత్రలో కనిపిస్తాడు.

పెట్ మందుకు ఆయుష్షు తక్కువ. ఎఫ్‌డీజీలోని ఫ్లోరిన్ 110 నిమిషాలకు సగం అవుతుంది, 220 నిమిషాలకు పావు వంతు మిగులుతుంది. సైక్లోట్రాన్ అనే యంత్రంలో తెల్లవారుజామున తయారుచేసి, సీసం పెట్టెలో పెట్టి, వ్యాన్‌లో పంపిస్తారు. హైదరాబాద్ నుంచి కర్నూలుకు 210 కిలోమీటర్ల పైచిలుకు రోడ్డు. అంత దూరం నడిచే సరుకు చేరేసరికి సగానికి పైగా గాలిలో కలిసిపోతుంది. సైక్లోట్రాన్ లేని ఊళ్లో పెట్ సెంటర్ నడిపేవాళ్లు మందు ఏ వేళకు వస్తుందో, ఆ వేళకు పేషెంటు సిద్ధంగా ఉంటాడో లేడో అని గడియారం చూసుకుంటూ బతకాలి. ఆదోని నుంచి ఎమ్మిగనూరు మీదుగా కర్నూలుకు వంద కిలోమీటర్ల దగ్గర ఉంటుంది. బస్సు దారిలో ఆగిపోతే ఆ రోజు మందు ఇంకొకరికి పోతుంది, లేదా ఎవరికీ కాకుండా పోతుంది.

దేశంలో మొదటి మెడికల్ సైక్లోట్రాన్, పెట్ స్కానర్ 2002లో ముంబయి పరేల్‌లోని రేడియేషన్ మెడిసిన్ సెంటర్‌లో వచ్చాయి. పత్తి వ్యాపారంతో రెండో ముంబయి అనిపించుకున్న ఆదోని, చెన్నై–ముంబయి రైలు మార్గం మీదే ఉంది. ఇక్కడి పేషెంట్లకు ముంబయిలోని టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రి దారి తెలిసింది ఆ రైలు పుణ్యమే. ఇప్పుడు అంతదూరం పోనక్కర్లేదు. హైదరాబాద్‌లో, బెంగళూరులో, తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలో పెట్ సీటీ ఉంది. కర్నూలు మెడికల్ కాలేజీ ఆవరణలో స్టేట్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ కట్టారు. ఆదోనికి మంజూరైన మెడికల్ కాలేజీకి 2021లో పునాదిరాయి పడింది. ఎమ్మిగనూరుకైతే ఇంకా రైలు స్టేషనే లేదు.

ఇక అసలు జబ్బు సంగతి. అది చాలాసార్లు మోకాలి దగ్గర మొదలవుతుంది. ఎముకలోనే పుట్టే క్యాన్సర్లలో పిల్లలకూ యువకులకూ ఎక్కువగా వచ్చేది ఆస్టియోసార్కోమా. పదేళ్ల నుంచి ఇరవై ఏళ్ల మధ్య, ఎముక గబగబా సాగే వయసులో వస్తుంది. సగానికి పైగా కేసుల్లో మోకాలి పైనో కిందో పుడుతుంది, ఆ తర్వాత భుజం. అందుకే మోసం చేస్తుంది. "ఎదిగే పిల్లోడు గదా, నొప్పులుంటాయిలే" అంటుంది అవ్వ. "కబడ్డీలో యాడో తగిలింటాది" అంటాడు నాయన. ఎదిగే వయసు నొప్పులు సాధారణంగా రెండు కాళ్లకూ వస్తాయి, తెల్లారేసరికి పోతాయి. ఒకే చోట, రాత్రుళ్లు నిద్ర లేపేలా, వారాల తరబడి వదలని నొప్పికి, దాని మీద వాపుకు ఆ లెక్క వర్తించదు.

ఆదోని, కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు మండలాల్లో ఆ వారాలు ఎలా జారిపోతాయో చెప్పడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. వానలు మొహం చాటేసిన ఏడు ఇంటికి తాళం పడుతుంది, కుటుంబం మొత్తం సుగ్గికి పోతుంది. గుంటూరు వైపు పత్తి తీతకు, మిరప కోతకు, లేదంటే బెంగళూరు కట్టడాల పనికి. బడి మానేసిన పిల్లాడూ వెంట పోతాడు. కాలు నొప్పంటే మేస్త్రీ ఒక మాత్ర ఇస్తాడు. తిరిగొచ్చాక పసరు కట్టు కట్టిస్తారు, నూనె వేసి గట్టిగా మర్దన చేయిస్తారు. విరిగిన ఎముకకు కట్టు కట్టడం వేరు, గడ్డ ఉన్న ఎముకను పిసకడం వేరు. ఈ రెండోది ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడని పని. ఇంత కథలో చవకైన పరీక్ష ఒకటి అడుగునే పడి ఉంటుంది. మోకాలికి ఎక్స్‌రే కొన్ని వందల రూపాయల్లో అయిపోతుంది. గడ్డ ఎముక పైపొరను లేపినచోట ముక్కోణంలా కనిపించే గుర్తు, చుట్టూ కిరణాల్లా విచ్చుకున్న గీతలు ఎక్స్‌రేలోనే అనుమానం పుట్టిస్తాయి. పెట్ స్కాన్ ఎంత గొప్పదైనా ఆ ఎక్స్‌రే ఆలస్యమైన నెలలను వెనక్కి తేలేదు.

ఎక్స్‌రేలో అనుమానం వస్తే ఎంఆర్‌ఐ, ఆ తర్వాత ముక్క తీసి చేసే బయాప్సీ. కోత పెడితే పాకుతుందని ఊళ్లో గట్టి నమ్మకం ఉంది. పద్ధతిగా చేసిన సూది బయాప్సీతో ఆ భయం అక్కర్లేదు. అయితే పద్ధతి అన్న మాటకు ఇక్కడ బరువు ఎక్కువ. రేపు ఆపరేషన్ చేయబోయే సర్జన్ చెప్పిన దారిలోనే సూది దిగాలి, ఆపరేషన్‌లో ఆ దారిని కూడా గడ్డతో పాటు తీసేయాలి. ఎవరో ఒకరు తోచినచోట కోసి పంపిస్తే, నిలబడాల్సిన కాలు పోయే ప్రమాదం ఉంది. పెద్ద గడ్డలో ఏ భాగం చురుగ్గా ఉందో పెట్ ముందే చూపిస్తే, చచ్చిన భాగంలోంచి ముక్క తీసి ఏమీ తేలలేదని చెప్పే పరిస్థితి తప్పుతుంది.

ఇక స్కాన్ గది. ముందు వేలికి గుచ్చి చక్కెర చూస్తారు. 200 దాటితే సాధారణంగా వాయిదా వేస్తారు. షుగరు జబ్బున్న పెద్దవాళ్లు తొందరపడి అప్పుడే ఇన్సులిన్ వేసుకొస్తే మందంతా కండల్లోకి పోయి బొమ్మ చెడుతుంది, కాబట్టి మాత్రలు, ఇన్సులిన్ సంగతి ముందురోజే అడిగి తెలుసుకోవాలి. మందు సిరంజి మీద బరువైన లోహపు తొడుగు ఉంటుంది. ఎక్కించే టెక్నీషియన్ చొక్కాకు చిన్న బ్యాడ్జి వేలాడుతుంటుంది, అతనికి నెలల తరబడి తగిలిన రేడియేషన్ లెక్క అందులో చేరుతుంది. ఇంజెక్షన్ అయ్యాక గంటసేపు పడుకోవాలి. మాట్లాడకూడదు, వక్కాకు నమలకూడదు, ఫోన్లో వేళ్లు ఆడించకూడదు. కదిలిన కండరం చక్కెర లాగుతుంది, నమిలిన దవడ స్కాన్‌లో వెలుగుతుంది. చలి వేసినా చిక్కే, మెడ దగ్గరి కొవ్వు వేడి పుట్టించబోయి తానూ వెలుగుతుంది. అందుకే దుప్పటి కప్పుతారు.

ఒక విషయం మాత్రం పేషెంటు వైపు నుంచి ఎవరో ఒకరు నోరు తెరిచి అడగాలి. మామూలుగా పెట్ స్కాన్‌ను పుర్రె అడుగు నుంచి తొడ సగం దాకా తీస్తారు. ఊపిరితిత్తులు, పేగులు, రొమ్ము క్యాన్సర్లకు చాలామటుకు అది సరిపోతుంది. మోకాలి జబ్బుకు అది ఎక్కడ సరిపోతుంది? మోకాలే బొమ్మలో ఉండదు. ఎముక క్యాన్సర్‌కు తల నుంచి కాలి వేళ్ల దాకా తీయాలి. డాక్టరు చీటీలో ఆ మాట రాసి ఉందో లేదో చూసుకోవడానికి చదువు పెద్దగా అక్కర్లేదు.

రెండో జాగ్రత్త ఊపిరితిత్తులది. ఆస్టియోసార్కోమా పాకేది ముందుగా అక్కడికే. జబ్బు బయటపడిన రోజుకే ఇంచుమించు ఐదుగురిలో ఒకరికి అది పాకినట్టు స్కాన్లలో కనిపిస్తుంది. ఎనిమిది మిల్లీమీటర్ల లోపు చిన్న గడ్డలను పెట్ తరచూ పట్టుకోలేదు, ఊపిరి పీల్చి వదిలే కదలికలో అవి చెదిరిపోతాయి. పెట్ నార్మల్ అని రిపోర్టు వచ్చినా ఊపిరి బిగబట్టించి తీసే ఛాతీ సీటీ విడిగా ఉండాల్సిందే. పెట్‌కు పదివేలు దాటి ఖర్చుపెట్టి, దానికంటే చవకైన ఛాతీ సీటీని వదిలేస్తే ఆ డబ్బుకు అర్థం లేదు.

కెనడా కుర్రాడు టెర్రీ ఫాక్స్ కథ చాలామందికి తెలుసు. 1977లో, పద్దెనిమిదేళ్లప్పుడు, ఆస్టియోసార్కోమాతో కుడికాలు తీసేశారు. 1980లో కృత్రిమ కాలుతో దేశం ఈ చివర నుంచి ఆ చివరకు పరుగు మొదలుపెట్టి, క్యాన్సర్ పరిశోధనకు చందాలు పోగుచేస్తూ 143 రోజుల్లో 5,373 కిలోమీటర్లు పరిగెత్తాడు. దగ్గు, ఛాతీ నొప్పితో ఆగాల్సి వచ్చింది. పరీక్ష చేస్తే జబ్బు ఊపిరితిత్తుల్లో ఉంది. 1981 జూన్‌లో చనిపోయాడు. కాలు తీసినచోట జబ్బు పోయినా, మరోచోట పెరుగుతూ ఉండగలదని ఈ జబ్బు పేషెంట్లందరి వైద్యం ఇప్పటికీ గుర్తుపెట్టుకునే నడుస్తోంది.

పెట్ రాకముందు నుంచీ ఉన్న మెటబాలిక్ స్కాన్ ఇంకొకటి ఉంది. దాని పేరు బోన్ స్కాన్. ధర తక్కువ, మందు నిలవ ఎక్కువ. టెక్నీషియం అనే రేడియోధార్మిక మూలకాన్ని ఫాస్ఫేట్ జాతి పదార్థానికి తగిలించి ఎక్కిస్తే, ఎముక కొత్తగా కట్టుకుంటున్న చోట అది చేరుతుంది. 1971లో ఈ దారి తెరిచినవాళ్లు అమెరికాలోని సిరక్యూస్‌లో పనిచేసిన గోపాల్ సుబ్రమణియన్, జాన్ మెకాఫీ. టెక్నీషియం ఆరు గంటలకు సగమవుతుంది. ఆసుపత్రిలో ఉంచుకునే చిన్న జనరేటర్ నుంచి ఏ రోజుకారోజు తీసుకోవచ్చు, కాబట్టి సైక్లోట్రాన్‌కు దూరంగా ఉన్న ఊళ్లకు ఇదే అనువు.

అయితే బోన్ స్కాన్ చూసేది క్యాన్సర్‌ను కాదు, క్యాన్సర్‌కు ఎముక ఇచ్చే బదులును. ఎముకను కట్టకుండా కొరుక్కుతినే మైలోమా లాంటి జబ్బు అందులో దాక్కుంటుంది. పాత దెబ్బ, కీళ్లవాతం, విరిగి మానుతున్న ఎముక కూడా వెలుగుతాయి. ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు గట్టిపడిన నల్గొండ, ప్రకాశం జిల్లాల మనిషికి అస్థిపంజరం మొత్తం ఒక్కటిగా వెలిగిపోవచ్చు. క్యాన్సర్ ఒళ్లంతా పాకినప్పుడూ దాదాపు అలాగే ఉంటుంది. ఊరు, తాగిన నీళ్లు అడగకుండా రిపోర్టు రాస్తే చిక్కే. ఇంకో తిరకాసు ఉంది. వైద్యం పనిచేసి ఎముక మానడం మొదలుపెట్టిన తొలి నెలల్లో బోన్ స్కాన్ మునుపటికంటే ఎక్కువ వెలగొచ్చు. అది చూసి మందు ఆపేస్తే పనిచేస్తున్న వైద్యాన్ని చేజేతులా వదులుకున్నట్టే.

పెట్‌లోనూ వెలిగినవన్నీ క్యాన్సర్ కావు. టీబీ గడ్డ వెలుగుతుంది, చీము వెలుగుతుంది. మన దేశంలో టీబీ ఎంత ఉందో వేరే చెప్పక్కర్లేదు. వెన్నెముకలో వెలిగిన చుక్క టీబీ అయితే నెలల తరబడి మాత్రలతో నయమయ్యే జబ్బు. ఆ ఒక్క చుక్కను చూసి పాకిందని తీర్పు చెప్పి, పిల్లాడిని నయంకాని జాబితాలో వేస్తే అది ఘోరం. చికిత్స దారి మార్చేసే చుక్క ఏదైనా ఉంటే సూది వేసి నిర్ధారించుకోవాలని నిపుణులు పట్టుబట్టేది అందుకే. రిపోర్టును బస్సులో వచ్చేటప్పుడే ఫోన్లో వెతికి అర్థం చేసుకోబోయే మేనల్లుళ్లు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. వాళ్లకు ఈ సంగతి ముందే చెప్పి ఉంచడం మంచిది.

ఎముక క్యాన్సర్లలో ఈవింగ్ సార్కోమా అనే మరో రకం ఉంది, దానిలో పెట్ బలం ఇంకా ఎక్కువ. అది ఊపిరితిత్తులతో పాటు ఇతర ఎముకలకూ మూలుగకూ పాకుతుంది. ఎముకల్లోని మచ్చలను పట్టుకోవడంలో అక్కడ పెట్ బోన్ స్కాన్‌ను దాటిపోయింది.

నిజానికి పెద్ద వయసువాళ్ల ఎముకల్లో కనిపించే క్యాన్సర్లలో ఎక్కువ భాగం ఎముకలో పుట్టినవి కావు. రొమ్ము, ప్రోస్టేట్, ఊపిరితిత్తులు, థైరాయిడ్, మూత్రపిండాల నుంచి వచ్చి చేరినవి. ఎమ్మిగనూరులో ఏళ్ల తరబడి మగ్గం గుంటలో కూర్చున్న నేతన్నకు నడుం నొప్పి వస్తే ఎవరూ ఆశ్చర్యపోరు, మగ్గం నొప్పే అనుకుంటారు. చాలాసార్లు అది నిజం కూడా. ఒకవేళ ఆ నొప్పి పడుకున్నా తగ్గక, దానికి మూత్రం ఇబ్బందీ తోడైతే ప్రోస్టేట్ సంగతి చెప్పే పీఎస్‌ఏ రక్తపరీక్ష అవసరం. ప్రోస్టేట్ క్యాన్సర్ చక్కెరను అంతగా లాగదు, ఎఫ్‌డీజీ అక్కడ తడబడుతుంది. దాని కోసం ఆ కణాల మీదే ఉండే పీఎస్‌ఎంఏ అనే ప్రొటీన్‌ను పట్టుకునే గాలియం మందు వచ్చింది. 302 మంది మగవాళ్ల మీద ఆస్ట్రేలియాలో చేసిన అధ్యయనం 2020లో లాన్సెట్‌లో అచ్చయింది. అందులో ఆ పెట్ కచ్చితత్వం 92 శాతం, సీటీ, బోన్ స్కాన్ కలిపినా 65 శాతం.

పాకిన చోటు తేలాక మందు మొదలవుతుంది. ఆస్టియోసార్కోమాకు ఇచ్చే మూడు మందుల్లో ఒకటి మెథోట్రెక్సేట్. సుబ్బారావు మళ్లీ వచ్చేది ఇక్కడే. అమెరికాలో లెడర్లీ కంపెనీ పరిశోధనలకు ఆయన సారథ్యం వహించినప్పుడు ఆ బృందం అమినోప్టెరిన్‌ను, దాని వెనకే మెథోట్రెక్సేట్‌ను తయారుచేసింది. అమినోప్టెరిన్‌తో రక్త క్యాన్సర్ పిల్లలు కొంతకాలం తేరుకున్నారని అక్కడి వైద్యుడు సిడ్నీ ఫార్బర్ 1948లో ప్రకటించాడు. అదే ఏడు ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశాడు. 1973 నవంబరులో అమెరికా సెనేటర్ ఎడ్వర్డ్ కెన్నెడీ పన్నెండేళ్ల కొడుక్కి ఎముక క్యాన్సర్‌తో కాలు తీసేశాక, బోస్టన్‌లో అప్పటికి ప్రయోగదశలో ఉన్న భారీ మోతాదు మెథోట్రెక్సేట్ ఎక్కించారు. అతను బతికి, పెద్దవాడై, లాయరయ్యాడు, కనెక్టికట్ రాష్ట్ర సెనేటరూ అయ్యాడు. కాలు తీసేయడం ఒక్కటే వైద్యమైన రోజుల్లో ఐదుగురిలో ఒకరు మిగిలేవారు. జబ్బు పాకకముందే మందు, ఆపరేషన్ రెండూ అందితే ఇప్పుడు ముగ్గురిలో ఇద్దరి దాకా బతుకుతున్నారు.

మందు పనిచేస్తోందా లేదా అన్నది చెప్పడంలోనూ పెట్ పనికొస్తుంది. ఎముక గడ్డ చచ్చినా ఆకారం తగ్గదు, గట్టిపడిన సున్నం అలాగే ఉంటుంది. ఎంఆర్‌ఐలో అదే సైజు చూసి ఇంట్లోవాళ్లు కుంగిపోతారు. చక్కెర లాగడం తగ్గిందంటే మాత్రం లోపల కణాలు చస్తున్నాయని అర్థం. రిపోర్టులో ఎస్‌యూవీ అని ఉండే అంకె ఈ లెక్కే. మొదటి స్కాన్, రెండో స్కాన్ ఒకే యంత్రం మీద, ఇంజెక్షన్ తర్వాత అంతే వ్యవధికి తీస్తేనే ఆ అంకెలను పోల్చడానికి వీలవుతుంది. అందుకే పాత స్కాన్ సీడీని రిపోర్టుతో పాటు జాగ్రత్త చేసి తీసుకెళ్లాలి. పాత కాగితాలు పారేసేవాళ్లు ఈ ఒక్కదాన్ని మాత్రం పారేయకూడదు.

స్కాన్ అయిన రోజు కొన్ని గంటలపాటు చంటిబిడ్డలకు, గర్భిణులకు దూరంగా ఉండమంటారు. కిక్కిరిసిన కర్నూలు–ఆదోని బస్సులో అది ఎలా కుదురుతుందో చెప్పేవాళ్లు లేరు. నీళ్లు ఎక్కువ తాగి, మూత్రానికి పోయి, వీలైతే సాయంత్రం బండికి బయల్దేరడం ఒక దారి. ప్రభుత్వ పథకం ఎన్టీఆర్ వైద్యసేవ కింద తమ కేసులో ఏ స్కాన్ వస్తుందో, ఏది చేతి నుంచి పడుతుందో ఆసుపత్రిలోని ఆ పథకం సిబ్బందిని మందు మొదలుకాకముందే అడిగి రాయించుకోవాలి. మందు మొదలయ్యాక తీసిన స్కాన్ తొలిరోజు పరిస్థితిని చెప్పలేదు.

ఆస్టియోసార్కోమా వైద్యం ఏడెనిమిది నెలలు సాగుతుంది. ఆపరేషన్‌కు ముందు సుమారు పది వారాలు మందు, తర్వాత మిగతాది. దసరా తర్వాత మొదలుపెడితే మధ్యలో మిరప కోతలు పడతాయి, అడ్వాన్సు తీసుకున్న మేస్త్రీ ఇంటి ముందుకొస్తాడు. సుగ్గికి పోవాల్సిన నెలలేవో తొలి సంప్రదింపులోనే డాక్టరుకు చెప్పేస్తే, స్కాన్ తేదీలు, ఆపరేషన్ తేదీ, తోడుండాల్సింది తల్లా తండ్రా అన్నది అప్పుడే కూర్చుని సర్దుకోవచ్చు.